బెల్టు సంగతి మాత్రం అడిగింది

టామరాక్ వంపు దగ్గరికి వచ్చేసరికి రోండాకి రోజూ కడుపు మండేది. బస్సు నిండా పిల్లల్ని పెట్టుకుని కడుపుమంట పైకి కనపడనివ్వకూడదు గనక, దాన్నంతా పళ్ళ బిగువున పట్టి, వేగం తగ్గించి, స్టీరింగుని రెండు చేతులతో మెల్లగా తిప్పేది. కానీ పైనున్న అద్దంలో ఆమె మొహం ఎలా మారేదో కూతురు ఐవీకి తెలుసు. ఐవీకి తొమ్మిదేళ్ళు. డ్రైవరు వెనక సీటు దానిది. “మళ్ళీ ఆ మొహం పెట్టావు మమ్మీ,” అనేది బస్సు దిగేటప్పుడు.

వంపు దగ్గర కొత్త రెయిలింగ్ ఉంది. ఇంకా తుప్పు వాసన కూడా చూడని ఇనుము, ఎండ పడితే తళతళలాడుతుంది. వంపుకి ముందే పసుపుపచ్చ బోర్డులు. తెల్లగీత మీదికి టైరు పోతే బుర్రుమని మోగేలా రోడ్డు అంచున చెక్కిన గాడులు. ఫిబ్రవరిలో మార్నీ వోయిట్ కూతురు బ్రిన్ కారు మంచు మీద జారి ఇక్కడే ఏట్లో పడింది. పిల్లకి పదిహేడేళ్ళు. మంచు కరిగీ కరగకముందే కొలతల వాళ్ళు దిగారు. వేసవి సెలవులు అయ్యేలోపు రెయిలింగ్ లేచింది. ఎవరూ అర్జీ పెట్టుకోలేదు, ఎవరూ ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. పిల్ల పోయింది, రోడ్డులో లోపం ఉందన్నారు, బాగుచేశారు.

రోండా కొడుకు గ్యారెట్ అంతకు ముందు నవంబర్లో పోయాడు. పన్నెండేళ్ళవాడు. పక్క రోడ్డులో స్నేహితుడి ఇంట్లో, హాల్లో, టీవీ ముందు. ఆ ఇంటాయన కర్ట్ తూటాలుండే మ్యాగజైన్ తీసేసి పిస్తోలుని టేబుల్ సొరుగులో పెట్టాడు. మ్యాగజైన్ తీసేస్తే ఖాళీయే అనుకున్నాడు ఆయన, ఆయన కొడుకూ అలాగే అనుకున్నాడు. గొట్టంలో తూటా ఒకటి మిగిలి ఉంది. గ్యారెట్ పోయాక ఊళ్ళో ఏం మారింది? వారం పాటు ఇంటికి గిన్నెల్లో భోజనాలు వచ్చాయి. రోండా ఆ గిన్నెలు కడిగి ఎవరివి వాళ్ళకి ఇచ్చేసింది. అంతే.

అది అసూయేనని ఆమెకి తెలుసు. పేరు పెట్టి పిలుచుకోవటానికి సిగ్గుపడేది గానీ, తెలుసు. చచ్చిపోయిన పిల్లని చూసి కాదు, దేవుడా, అంత పాపిష్టిది కాదు తను. ఆ పిల్ల చావుకి దక్కిన మర్యాద చూసి.

ఆ సోమవారం వంపు దగ్గర కౌంటీ వాళ్ళ ట్రక్కు ఆగి ఉంది. ఇద్దరు మనుషులు రెయిలింగ్ చివర ఆకుపచ్చ బోర్డు బిగిస్తున్నారు. ‘బ్రిన్ వోయిట్ స్మారక మలుపు’.

“మైకా, మీ అక్క పేరు!” అన్నారెవరో వెనక నుంచి. మైకా బ్రిన్ తమ్ముడు. ఐవీ పక్కనే కూర్చుంటాడు, ఐవీ ఈడువాడే. వాడు కిటికీకి మొహం ఆనించి బోర్డు దాటిపోయేదాకా చూశాడు.

“తెలుసు. శనివారం పాట కూడా పాడతారంట,” అన్నాడు.

స్కూలు దగ్గర పిల్లలంతా దిగాక రోండా ఇంజను ఆపింది. ఆపగానే పైన అలారం కూయటం మొదలుపెట్టింది. అది ఆగాలంటే డ్రైవరు బస్సు చివరిదాకా నడిచి వెనక గోడ మీది బటన్ నొక్కాలి. ఏ సీటులోనైనా నిద్రపోతున్న పిల్ల ఉండిపోయిందేమో చూసుకోటానికి ఆ ఏర్పాటు. రోండా రోజూ నడిచేది. ప్రతి సీటు కింద చూసేది. ఒక చేతితొడుగు దొరికింది, సగం తిన్న ఆపిల్ దొరికింది. ఎక్కడో ఎప్పుడో ఒక పిల్లని బస్సులో మరిచిపోయి ఉంటారు, అందుకని దేశంలో డ్రైవర్లందరూ ఇలా నడుస్తున్నారు, అనుకుంది. బటన్ నొక్కింది. అలారం ఆగిపోయింది.

* * *

బస్సుల షెడ్డులో కాఫీ ఎప్పుడూ మాడు వాసనే. షెడ్డు పెద్ద ఆర్లో అప్పటికే వేటగాళ్ళ నారింజరంగు టోపీ పెట్టేశాడు. జింకల వేట శనివారం తెల్లారి మొదలవుతుంది. ఆ వారం విస్కాన్సిన్‌లో మగాళ్ళకి వేరే ధ్యాస ఉండదు.

“శనివారం నేను చెట్టెక్కి కూర్చుంటా. బస్సు స్టార్ట్ కావట్లేదని ఎవరైనా ఫోన్ చేశారో, ఎత్తను గాక ఎత్తను,” అన్నాడు.

“నిన్ను చెట్టు మీద చూస్తే జింకలు నవ్వి చస్తాయి. ఇంక తూటాలు దండగ,” అన్నాడు ఇంకో బస్సు నడిపే రస్.

రోండా కప్పు కడుక్కుంటోంది. ఆర్లో గొంతు కొంచెం తగ్గించాడు. “గురువారం మళ్ళీ స్కూలు బోర్డు ముందుకి వెళ్తున్నావంటగా.”

“వెళ్తున్నా.”

ఆమె అడుగుతున్నది చాలా చిన్న సంగతి. షెరిఫ్ ఆఫీసులో తుపాకీ తాళాలు ఊరికే ఇస్తారు. ఉక్కు తీగ, దానికో తాళం. గొట్టంలోంచి దూర్చి బిగిస్తే తుపాకీ పేలదు. శుక్రవారం సాయంత్రం పిల్లలు బస్సు దిగేటప్పుడు తలా ఒక తాళం చేతిలో పెట్టి పంపుతాను, స్కూలు బోర్డు ఊఁ అంటే చాలు, అంటోంది. ఏప్రిల్లో ఒకసారి అడిగింది. బోర్డు సభ్యురాలు, రిటైరైన టీచరమ్మ మిసెస్ క్రౌస్ తీర్మానం ప్రతిపాదించింది. ఇంకొక సభ్యుడు ‘బలపరుస్తున్నాను’ అనాలి. అంటేనే దాని మీద చర్చ. ఎవరూ అనలేదు. ఒకాయన దగ్గాడు, ఒకావిడ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది. బలపరిచేవాళ్ళు లేరు గనక తీర్మానం పోయిందని చెప్పి అధ్యక్షుడు స్కూల్లో పాల ధరల మీదికి వెళ్ళిపోయాడు. కాదన్నా ఇంత బాధ లేకపోయేది. కాదనటానికైనా ఒకసారి మాట్లాడుకోవాలి కదా.

“నీ మీద నాకు కోపం లేదు రోండా. కానీ స్కూలుకీ తుపాకులకీ ఏం సంబంధం చెప్పు,” అన్నాడు ఆర్లో. “నువ్వు కారు బెల్టులతో పోలుస్తావు. కారు వేరే. కారు నడపటం గవర్నమెంటు ఇచ్చే లైసెన్సు. తుపాకీ హక్కు. రాజ్యాంగంలో ఎక్కడన్నా కారు ఉందా?”

“రాసిననాటికి కార్లు లేవు, అందుకని లేదు. ఉంటే మీ తాతలు బెల్టు కూడా పెట్టుకోనిచ్చేవాళ్ళు కాదు.”

రస్ నవ్వాడు. ఆర్లో నవ్వలేదు. “లైసెన్సులున్నాయి, బెల్టులున్నాయి, ఎయిర్‌బ్యాగులున్నాయి. అయినా తాగి గుద్దేవాడు గుద్దుతూనే ఉన్నాడా లేదా?”

“గుద్దుతున్నాడు. గుద్దుతున్నాడు గదా అని బెల్టులు పీకి పారేశామా? కారు మనుషుల్ని చంపటానికి చేసింది కాదు, అయినా చంపుతోందని దాన్ని ఎన్ని రకాలుగా కట్టేశాం. తుపాకీ అందుకే చేసింది, దాని పని అది బాగానే చేస్తోంది గదా అని వదిలేశామా?” రోండా కప్పు బోర్లించింది. “నీ ట్రక్కులో బండి కదలకుండా గేరు ‘పార్క్’లో పెట్టందే తాళంచెవి బయటికి వస్తుందా ఆర్లో?”

“రాదు.”

“మ్యాగజైన్ బయటికి తీసినా కర్ట్ తుపాకీ పేలింది. ఎందుకలా అని ఎవరైనా అడిగారా?”

గ్యారెట్ పేరు రాకపోయినా వచ్చినట్టే అయింది. ఆర్లో మంచివాడే. గ్యారెట్ పోయిన నెల్లాళ్ళు ఆమె రూటు తనే నడిపాడు. అతని మంచితనం గుర్తొస్తే రోండాకి పోట్లాడబుద్ధి కాదు, అదో చికాకు.

“మార్నీని అడుగు. ఆమె ఇప్పుడు బోర్డులో ఉందిగా,” అన్నాడు రస్. “ఆమె ఒక్క మాటంటే ఎవరూ ఎదురు చెప్పలేరు. ఆమెకి జరిగిన దాన్ని చూసి...” అని, తనేమంటున్నాడో తెలిసి నాలిక్కరుచుకున్నాడు.

రోండా మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమెకి జరిగినదాన్ని చూసి! ఆగస్టులో బోర్డులో కుర్చీ ఒకటి ఖాళీ అయితే మార్నీని పిలిచి మరీ కూర్చోబెట్టారు. రెయిలింగ్ వచ్చింది, కుర్చీ వచ్చింది, ఇప్పుడు వంపు దగ్గర పేరు బోర్డూ పాటా. మరి తనకి జరిగినదాన్ని చూసి ఊరికి ఏం అనిపించింది? తనొస్తే షాపులో పక్క వరసలోకి తప్పుకోవాలనిపించింది.

* * *

మార్నీ జుట్టు కత్తిరించే దుకాణం పెట్టుకుంది. ఇంటి గరాజునే మార్చి రెండు కుర్చీలు వేసింది. బుధవారం పొద్దుటి రూటుకీ సాయంత్రం రూటుకీ మధ్య రోండా అక్కడికి వెళ్ళింది. దారి పొడుగునా ఎలా అడగాలో సాధన చేసుకుంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ. ఒకరి గౌను ఒకరు వేసుకున్న వాళ్ళు. అడగటానికి ఇంత సాధన ఎందుకో ఆమెకే విడ్డూరంగా ఉంది.

ఒక ముసలావిడ తల మీద జుట్టు ఆరబెట్టే డ్రైయరు బోర్లించుకుని కునుకుతోంది. మార్నీ నేల మీద జుట్టు ఊడుస్తోంది. చిక్కిపోయింది. చిక్కినా బాగుంది, అదీ రోండా కంట్లో పడింది.

“రా కూర్చో. చివర్లు కత్తిరించనా? ఎండుగడ్డిలా ఉంది నీ జుట్టు,” అంది మార్నీ.

కత్తిరించుకోవాలని రాకపోయినా రోండా కూర్చుంది. మార్నీ ఆమె మెడకి గుడ్డ చుట్టి, జుట్టు తడిపి, దువ్వెనతో పాయలు తీసింది. వేళ్ళ మధ్య పాయ పట్టి, వేళ్ళ కింద ఎంత మిగిలిందో అంతా కత్తిరించటం ఆమె పద్ధతి. వెనక గోడకి బ్రిన్ ఫొటో ఉంది. దాని పక్కన రెయిలింగ్ రిబ్బను కత్తిరించిన నాటి ఫొటో. ఎదురుగా అద్దం, అద్దంలో ఆ రెండు ఫొటోలు, మధ్యలో తడిజుట్టుతో తన మొహం.

“రేపు నా తీర్మానం వస్తుంది,” అంది రోండా.

“తెలుసు. చూశాను.”

“మిసెస్ క్రౌస్ ప్రతిపాదిస్తుంది. ఎవరో ఒకరు బలపరిస్తే...”

కత్తెర ఆగింది. “రోండా, నేను ఆలోచిస్తున్నా. మా గ్రెగ్ ఒప్పుకోడు. ఈ వారం ఆ మాటెత్తితే ఇల్లు ఇల్లుగా ఉండదు.”

అక్కడ ఆగాల్సింది. ‘ఆలోచించు’ అని లేచి వచ్చెయ్యాల్సింది. కానీ నెలల తరబడి పళ్ళ బిగువున పట్టింది జారిపోయింది.

“నీకేం తొందర? నీ పని అయిపోయిందిగా. మీ అమ్మాయి పోయిన చోట ఇనుప రెయిలింగ్ లేచింది. మా వాడు పోయిన చోట కర్ట్ కొత్త కార్పెట్ వేయించుకున్నాడు. ఊళ్ళో జరిగింది అదొక్కటే. ఏమే, రోజుకి నాలుగుసార్లు నీ కూతురి రెయిలింగ్ పక్కనుంచి పోతున్నాను, నాకెలా ఉంటుందో ఎప్పుడన్నా ఆలోచించావా? నాకు ఏడుపొస్తుంది. బ్రిన్ కోసం కాదు. కుళ్ళుతో.”

డ్రైయరు హోరుమంటూనే ఉంది. ముసలావిడ నిద్రలో తల వాల్చింది.

మార్నీ అరవలేదు. కత్తెర కౌంటరు మీద పెట్టింది. “కుళ్ళా? నీకా? నా మీదా?” అంది అద్దంలోకి చూస్తూ. “కర్ట్ నిన్ను చూస్తే ఏం చేస్తాడు?”

“తల దించుకుని పోతాడు.”

“చూశావా. తల దించుకునే మనిషి ఒకడున్నాడు నీకు. పొద్దున లేస్తే కోపం తెచ్చుకోటానికి నీకొక మొహం ఉంది. నాకెవరున్నారు? మంచు. మంచుని తిట్టనా? ఆ కారు కొన్నది నేను. తాళంచెవులు వంటింట్లో దాని చేతిలో పెట్టింది నేను. నీ కర్ట్‌ని చూస్తే నాకు ఎంత కుళ్ళో తెలుసా?”

రోండా మెడకి చుట్టిన గుడ్డ లాగేసింది. ఇంత చెప్పాక కూడా ఆమెకి జాలి రాలేదు. ఒళ్ళు మండింది. తన కష్టంలో కూడా మార్నీ ఆశపడే సంగతి ఒకటి వెతికి పట్టుకుంది కదా అని.

“నేనేం అడిగానో తెలుసా?” అంది లేచి నిలబడి. “ఆ రోజు గ్యారెట్‌ని తీసుకెళ్ళటానికి కర్ట్ వస్తే గుమ్మంలో నిలబెట్టి అడిగాను. ‘నీ ట్రక్కు వెనక సీటు బెల్టు పోయిందన్నావు, బాగుచేయించావా?’ అని. అది మాత్రం అడిగాను. బాగుచేయించానన్నాడు. తనే దగ్గరుండి వాడికి బెల్టు పెట్టాడు. ఆరు ఇళ్ళ అవతలికి, బెల్టు పెట్టి తీసుకెళ్ళాడు.”

జుట్టు ఒకవైపు పొడుగ్గా, ఒకవైపు పొట్టిగా ఉండిపోయింది. అలాగే వెళ్ళి సాయంత్రం రూటు నడిపింది. పిల్లలు నవ్వారు. ఐవీ నవ్వలేదు.

* * *

గురువారం సాయంత్రం స్కూలు లైబ్రరీలో బోర్డు కూర్చుంది. ఏడుగురు సభ్యులు వరసగా టేబుల్ వెనక, ఎదురుగా పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు మడుచుకుని ఊరివాళ్ళు. సగం మంది నారింజరంగు చొక్కాల్లోనే వచ్చారు. మార్నీ చివరి కుర్చీలో ఉంది. రోండా వైపు చూడలేదు. రోండా కూడా చూడలేదుగానీ ఆమె కట్టుకున్న నీలం స్కార్ఫు కొత్తదని మాత్రం పసిగట్టింది.

అధ్యక్షుడు హోల్‌స్టాడ్ అంశం చదివాడు. మిసెస్ క్రౌస్ వణికే గొంతుతో, “తాళాలు పంచటానికి అనుమతించాలని ప్రతిపాదిస్తున్నాను,” అంది.

“బలపరిచేవాళ్ళెవరైనా ఉన్నారా?”

ఏప్రిల్లో లాగే అయింది. అదే దగ్గు. రోండా చేతులు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు చూసుకుంది. రాదు, అనుకుంది. నిన్న అన్ని మాటలు అన్నాక ఎందుకొస్తుంది?

హోల్‌స్టాడ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. “అయితే బలపరిచేవాళ్ళు లేనందువల్ల...”

“నేను బలపరుస్తున్నాను,” అంది మార్నీ.

వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. రెండో వరసలో ఆమె మొగుడు గ్రెగ్ మొహం ఎర్రబడింది. చర్చకి అవకాశం ఇస్తున్నానని హోల్‌స్టాడ్ అన్నాడు. ముందు మార్నీయే నోరు విప్పింది.

“బ్రిన్ బెల్టు పెట్టుకోలేదు.” కాగితాలేవీ చూడలేదు ఆమె. “మీలో ఎవరికీ తెలీదు. షెరిఫ్ డిప్యూటీ నాకూ గ్రెగ్‌కీ చెప్పాడు, ఇంకెవరికీ చెప్పక్కర్లేదన్నాడు. కారు నీళ్ళల్లో మునగలేదు. మోకాలి లోతు. బెల్టు పెట్టుకుని ఉంటే తడిబట్టలతో ఇంటికి వచ్చేది. కారులో బెల్టు ఉంది. మోగుతూ గోల చేసే గంట కూడా ఉంది. గోల భరించలేక బెల్టుని తన వీపు వెనక నుంచి లాగి బిగించేసింది. చిన్నప్పుడు రోజూ అడిగేదాన్ని, పెట్టుకున్నావా అని. పదిహేడేళ్ళ పిల్లని అడిగితే విసుక్కుంటుందని మానేశాను. తాళాలిస్తే అందరూ వేస్తారని నేననుకోవట్లేదు. కానీ ఇంటికొక తాళం వస్తే, వేశావా అని అడగటానికైనా వీలుంటుంది. అంతే.”

మచ్చలేని చావు అనుకుంది రోండా ఇన్నాళ్ళూ. దానికి రెయిలింగు కట్టిన ఊరి ముందే మార్నీ దాన్ని విప్పి చూపించింది. అది తన కోసమే చేసిందని తెలుసు. తెలిసి కూడా, సిగ్గులేని మనసు, ఆ ధైర్యం చూసి కూడా కుళ్ళుకుంది. తనకి ఈ పని చేతనయ్యేదా? అవతలివాళ్ళ తప్పులు ఎన్నైనా చెప్పగలదు తను.

తర్వాత నోళ్ళు లేచాయి. ఇవాళ తాళాలంటారు, రేపు లెక్కలడుగుతారు అన్నాడొకడు. మా నాన్న తుపాకీ మంచం కింద ఉండేది, మేమంతా బతికే ఉన్నాం అన్నాడింకొకడు. నువ్వు బతికి ఉండటమే దాఖలా అంటావా, అయితే మరీ మంచిది అంది మిసెస్ క్రౌస్, ఆవిడ టీచరుగా ఉన్నప్పుడు అల్లరి చేస్తాడని అతన్ని మొదటి బెంచీలో కూర్చోబెట్టేది. ఒక కుర్రతల్లి లేచి ఏదో అనబోయి, మొగుడి వైపు చూసి కూర్చుంది. ఆఖరికి హోల్‌స్టాడ్, విషయం సున్నితమైంది గనక వేట సీజన్ అయ్యాక, డిసెంబరులో తీరిగ్గా చూద్దాం అన్నాడు. వాయిదాకి నలుగురు చేతులెత్తారు.

“సీజన్ అయ్యాకా?” అంది రోండా కూర్చున్న చోటు నుంచే. “మంచు కరిగాక మంచు టైర్లు వేయిస్తారా మిస్టర్ హోల్‌స్టాడ్ మీరు?”

హోల్‌స్టాడ్ కాగితం తిప్పేశాడు. తర్వాతి అంశం శనివారం వంపు దగ్గర జరిగే కార్యక్రమానికి స్కూలు బ్యాండుని పంపటం. అందరూ ఒక్కసారే చేతులెత్తారు. మార్నీ ఎత్తలేదు.

* * *

శుక్రవారం పొద్దున మార్నీ ఇంటి ముందు రోండా బస్సు ఆపింది. ఎర్రదీపాలు వెలిగాయి, పక్కన ఆపు బోర్డు తెరుచుకుంది. మైకాతో పాటు మార్నీ కూడా, నైటీ మీద చలికోటు వేసుకుని మెట్ల దాకా వచ్చింది. నిన్నటి సంగతికి ఏదో ఒకటి చెప్పాలి. థాంక్స్ అనాలి.

“నిన్న...” అంది రోండా.

“అది కాదు. రేపటి సంగతి.” మార్నీ ఒక కాలు మెట్టు మీద పెట్టింది. వేట మొదలయ్యే రోజున మగాళ్ళు అడవిలో ఉంటారు గనక ఆడవాళ్ళూ పిల్లలూ ఒకళ్ళ ఇంట్లో చేరటం ఎప్పటినుంచో ఉంది. ఈసారి రోండా వంతు. “కార్యక్రమం అయ్యాక మైకా మీ ఇంటికి వస్తాడు కదా. మీ ఇంట్లో తుపాకీ ఉందా? ఉంటే తాళం వేసి ఉందా?”

ముందు సీట్ల పిల్లలు తలలు ఇటు తిప్పారు.

రోండాకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల దాకా వేడెక్కింది. “నన్నా అడుగుతున్నావు?” అంది. “మార్నీ, నన్నా? నన్ను?”

“నిన్నే.”

“నా ఇంట్లో... నా కొడుకు...” మాట పూర్తి కాలేదు. నడిరోడ్డు మీద, ఇంతమంది పిల్లల ముందు, చెంప మీద కొట్టినట్టుంది. ఊరంతా ఒకర్నొకరు అడగాలని తను నెలల తరబడి పోరుతున్న మాట ఇదే. ఇది ఇంత మంటపుట్టించే మాటని ఆమెకి తెలీదు. ఆర్లోకీ రస్‌కీ హోల్‌స్టాడ్‌కీ ఎక్కడ కాలుతోందో ఆ క్షణంలో బాగా తెలిసింది.

మార్నీ కదల్లేదు. చలికి ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. వెనక ఒక కారు ఆగి ఉంది, దాని వెనక ఇంకొకటి.

నోటి చివరిదాకా వచ్చిన జవాబు ‘లేదు’. గ్యారెట్ పోయాక ఆమె మొగుడు వేన్ తుపాకులన్నీ తన అన్న ఇంటికి చేరవేశాడు. కానీ ఈసారి వేన్ వేటకి వెళ్తున్నాడు. మొన్నెప్పుడో ట్రక్కులోంచి పొడుగాటి గుడ్డసంచీలు రెండు దింపుతుంటే ఆమె చూసి, చూడనట్టు స్టవ్ వైపు తిరిగిపోయింది. వాటిని ఎక్కడ పెట్టావని అడగలేదు. వాళ్ళిద్దరి మధ్యా ఆ మాట నడవదు.

“తెలీదు,” అంది రోండా. ఇంత కష్టమైన మాట ఆమె ఎప్పుడూ అనలేదు. “నాకు తెలీదు మార్నీ.”

“తెలుసుకుని చెప్పు,” అని మార్నీ మెట్టు దిగింది. మైకా వెళ్ళి ఐవీ పక్కన కూర్చున్నాడు.

వంపు ఎప్పుడు దాటిందో రోండాకి గుర్తు లేదు.

ఇంటికి వచ్చేసరికి వేన్ ట్రక్కులో గుడ్డసంచీ ఒకటీ, స్లీపింగ్ బ్యాగులూ బీరు డబ్బాలూ సర్దుతున్నాడు. మంచి మనిషి, తక్కువ మాట్లాడతాడు. గ్యారెట్ పోయాక మరీ తక్కువ. రోండా చలికోటు కూడా విప్పకుండా వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది. మార్నీ అడిగినట్టే, ఆ మాటల్లోనే అడిగింది. మన ఇంట్లో తుపాకీ ఉందా? ఉంటే తాళం వేసి ఉందా?

వేన్ మొహం మాడిపోయింది. “నన్నా అడుగుతున్నావు?”

“నిన్నే.”

వేన్ చేతిలో డబ్బా కింద పెట్టి, వెనక వసారాలోకి నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది. వసారా గోడకి వరసగా కొక్కేలున్నాయి. చివరి కొక్కేనికి గ్యారెట్ ఆకుపచ్చ చలికోటు, ఏడాదిగా అలాగే వేలాడుతోంది. వేన్ ఆ కోటుని రెండు చేతులతో పక్కకి జరిపాడు. దాని వెనక గోడకి ఆనించి రెండో గుడ్డసంచీ ఉంది, వేటకి పోకుండా ఇంట్లో ఉండిపోయేది.

“దీన్ని ఎవరూ ముట్టుకోరు కదా,” అన్నాడు కోటు అంచు పట్టుకునే. “నువ్వు ఊడ్చేటప్పుడు కూడా దీన్ని తప్పించే ఊడుస్తావు. ఐవీ ఇటు రానే రాదు. ఇంట్లో ఇంతకంటే భద్రమైన చోటు నాకు తోచలేదు.”

నిజమే. ఇంట్లో వాళ్ళెవరూ ముట్టుకోరు. రేపు దాగుడుమూతలాడుతూ వసారాలోకి పరిగెత్తుకొచ్చే మైకాకి ఏం తెలుసు, ఏ కోటు ముట్టుకోకూడదో. రోండా బూట్ల పెట్టె మీద కూలబడింది. వేన్ మీద అరుద్దామనుకుంది, అరుపు రాలేదు. అతను కోటు వదలకుండా నిలబడి ఏడుస్తున్నాడు. ఏడాదిలో అతను ఏడవటం చూడటం ఆమెకి అదే మొదలు.

కాసేపటికి జేబులోంచి ఫోను తీసింది. మార్నీ వెంటనే ఎత్తింది.

“ఉంది,” అంది రోండా. “తాళం లేదు.”

అవతల డ్రైయరు హోరు వినిపించింది. తర్వాత ఎవరో దాన్ని ఆపారు. “సరే,” అంది మార్నీ. గొంతులో కోపం లేదు, గెలిచానన్న జోరూ లేదు. “ఏం చేస్తావు?”

“వేన్ ఇప్పుడే షెరిఫ్ ఆఫీసుకి వెళ్తాడు. తాళం తెస్తాడు.” వేన్ తల ఊపాడు. “మార్నీ, సాయంత్రం నాకు మళ్ళీ ఫోన్ చెయ్యి. రోండాయే చేస్తుందిలే అని ఊరుకోకు. నాకు కోపం వస్తుంది, వస్తే రానీ. రేపు వాణ్ణి దింపేటప్పుడు కూడా గుమ్మంలో నిలబడి మళ్ళీ అడుగు.”

“అడుగుతాను,” అంది మార్నీ. “నువ్వు కూడా నన్ను అడుగు. గ్రెగ్ ఇంట్లోనే ఉన్నాడు, ఇప్పుడే అడుగు.”

రోండా ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“మార్నీ, మీ ఇంట్లో తుపాకీ ఉందా?”